రీసెట్ నొక్కుతున్నారా? మోటార్ జాగ్రత్త!

బీటెక్ ఫైనల్ ఇయర్. హాస్టల్ గదిలో గడ్డి కోసే రోబో చేస్తున్నాం. ఒక ఆర్డుయినో ఊనో, 12 వోల్టుల మోటార్, దాన్ని ఆన్-ఆఫ్ చేయడానికి ఒక మాస్‌ఫెట్. "మామా, నేను బ్లేడ్ బిగిస్తున్నా, నువ్వు కోడ్ ఎక్కించు" అన్నాడు ఫ్రెండ్. కోడ్‌లో మొదటి పనే మోటార్ ఆపడం. అందుకే ధైర్యంగా అప్‌లోడ్ నొక్కా. బ్లేడ్ గిర్రున తిరిగింది. వాడి వేలికి మూడు కుట్లు పడ్డాయి.

రాత్రంతా కోడ్ వెతికా. అందులో తప్పేమీ లేదు. అసలు తప్పు, కోడ్ ఇంకా మొదలవ్వని ఆ కొద్ది క్షణాల్లో ఉంది.

ఆ గ్యాప్‌లో ఏమవుతుంది?

ఊనోలోని ఏటీమెగా328పీ చిప్ రీసెట్ కాగానే పిన్‌లన్నీ ఇన్‌పుట్‌లుగా మారిపోతాయి. అంటే హై కాదు, లో కాదు. గొళ్లెం పెట్టని తలుపులా, గాలి ఎటు వీస్తే అటు! తర్వాత బూట్‌లోడర్ కొత్త కోడ్ కోసం సుమారు సెకను ఎదురు చూస్తుంది. అప్‌లోడ్ జరుగుతుంటే ఇంకా ఎక్కువసేపు. మన కోడ్ వంతు వచ్చేది ఆ తర్వాతే.

మాస్‌ఫెట్ గేట్ ఒక చిన్న కెపాసిటర్ లాంటిది. పాత చార్జ్ మిగిలున్నా, మన వేలు తగిలినా ఆన్ అయిపోవచ్చు. సగం ఆన్ అయితే వేడెక్కి కాలిపోవచ్చు కూడా.

రీసెట్ మనం నొక్కితేనే వస్తుందనుకోకండి. సీరియల్ మానిటర్ తెరిచినా ఊనో రీసెట్ అవుతుంది. మోటార్ స్టార్టయ్యేటప్పుడు బ్యాటరీ వోల్టేజ్ పడిపోయినా అంతే.

పరిష్కారం ఒక్క రెసిస్టర్

గేట్‌కీ గ్రౌండ్‌కీ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. తలుపుకి స్ప్రింగ్ బిగించినట్టే: ఎవరూ తోయకపోతే అదే మూసుకుంటుంది. లెక్క చూడండి. పిన్ లీకేజీ మహా అయితే 1 మైక్రోఆంప్. 10 కిలో ఓమ్‌ల మీద అది 10 మిల్లీవోల్టులే. ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్ తెరుచుకోవడం మొదలవ్వాలంటే కనీసం 1 వోల్ట్ కావాలి. ఇక కోడ్ 5 వోల్టులు ఇచ్చినప్పుడు రెసిస్టర్ తాగేది 0.5 మిల్లీఆంప్ మాత్రమే. పిన్‌కి అదో లెక్క కాదు.

ఇవి కూడా గుర్తుంచుకోండి

- ఎల్298ఎన్ మోటార్ డ్రైవర్‌లో ఎనేబుల్ జంపర్ ఉంచేస్తే డ్రైవర్ ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. జంపర్ తీసి, ఎనేబుల్ పిన్‌కి అదే 10 కిలో ఓమ్‌లు గ్రౌండ్‌కి పెట్టండి.
- లో ఇస్తే ఆన్ అయ్యే రిలే వాడుతున్నారా? ఊనోలో ముందు పిన్‌కి హై రాసి, ఆ తర్వాతే అవుట్‌పుట్‌గా మార్చండి. వరస తిరగబడితే రిలే ఒక్కసారి టిక్‌మంటుంది.
- ఈఎస్‌పీ8266లో జీపీఐఓ 0, 2 బూట్ అయ్యేటప్పుడు హైలో ఉండాల్సిందే. వాటిని గ్రౌండ్‌కి లాగితే బోర్డు మామూలుగా స్టార్టవ్వదు. మోటార్‌కి 4, 5 వాడండి.

చివరగా ఒక టెస్ట్. బ్లేడ్, చక్రాలు తీసేసి, రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని, మల్టీమీటర్‌తో గేట్ వోల్టేజ్ చూడండి. దాదాపు సున్నా చూపించాలి. రెసిస్టర్ పెట్టినా సరే, కోడ్ ఎక్కించేటప్పుడు మోటార్ బ్యాటరీ వైరు పీకేయండి.

నేనిప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. కొత్త ప్రాజెక్ట్ ఫొటో ఏది పంపినా వాడి నుంచి ముందు వచ్చే రిప్లై ఒకటే: "రెసిస్టర్ పెట్టావారా?"