అతుకుల బొంత - ఆప్యాయతల కానుక

తెలుగు పత్రికలు చదివేవారికి 'అతుకుల బొంత' అనే మాట కొత్త కాదు. నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే దాన్ని అతుకుల బొంత అంటారు. అక్కడొక మాట ఇక్కడొక మాట ఏరి కూర్చిన ఉపన్యాసాన్నీ అలాగే అంటారు. ఉర్దూలో మాత్రం బొంతకు వేరే గౌరవం ఉంది. పేదింట పుట్టి పైకి వచ్చిన ప్రతిభావంతుణ్ణి 'గుద్‌డీ కా లాల్' అంటారు. గుద్‌డీ అంటే బొంత, లాల్ అంటే కెంపు. బొంతలో దొరికిన మాణిక్యం అన్నమాట. ఒక నుడికారం అతుకులను చూసింది, మరొకటి అందులో ఒదిగిన విలువను చూసింది. ఈ రెండు భాషలూ వినిపించే మన ఇళ్ళలో ఇప్పుడు ఏ చూపు మిగిలింది? బొంత పేరెత్తితే పేదరికమే గుర్తుకు వస్తోందా, లేక దాన్ని కుట్టిన చేతులు గుర్తుకు వస్తున్నాయా?

ఒకప్పుడు ప్రతి ఇంట్లోనూ వేసవి మధ్యాహ్నాల్లో బొంత పని సాగేది. నానీ, అమ్మీ, మేనత్త, పొరుగింటి అక్క నలుగురూ నాలుగు అంచుల దగ్గర కూర్చునేవారు. మాటలు సాగుతుంటే సూదులూ సాగేవి. ఏ ఇంట్లో కాన్పు ఉందో, ఏ అమ్మాయికి నికాహ్ కుదిరిందో, ఏ అబ్బాయి చదువుకు పట్నం వెళుతున్నాడో ఆ మాటల్లోనే తెలిసేది. తరువాతి బొంత ఎవరికో కూడా అక్కడే తేలేది. కానుక ఇవ్వడానికి డబ్బు అక్కరలేదనీ, తీరిక సమయం, పాత బట్ట, మంచి మనసు ఉంటే చాలుననీ ఆ తల్లులు చెప్పకుండానే నేర్పారు.

మన పేరులోనే ఉన్న పని

తెలుగు ముస్లింలకు దూదితో ఉన్న బంధం చాలా పాతది. దూది ఏకేవారు గనుకనే దూదేకుల అన్నారు. తెలుగు రాష్ట్రాల వెనుకబడిన తరగతుల జాబితాలో బి గ్రూపు చూస్తే దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అనే పేర్లు ఒకే చోట కనిపిస్తాయి. అరబీలో దూది ఏకేవాణ్ణి 'నద్దాఫ్' అంటారు. అదే మన వాడుకలో లద్దాఫ్ అయింది. భుజాన పెద్ద విల్లు వేసుకుని వీధిలోకి వచ్చే ఆ మనిషిని పెద్దవారు మరచిపోయి ఉండరు. కొయ్యతో నారిని కొడుతుంటే గడ్డకట్టిన దూది విడిపోయి తెల్లటి మంచులా లేచేది. ఆ దూదితోనే పరుపులు, దిండ్లు, రజాయీలు తయారయ్యేవి. తరువాత యంత్రాలు వచ్చాయి, విల్లు మూలకు చేరింది. 'ఏకు మేకైంది' అనే సామెతను వాడే నేటి పిల్లల్లో ఏకు అంటే ఏమిటో తెలిసినవారు ఎందరున్నారు?

ఇక్కడ ఒక తేడా గమనించాలి. రెండు బట్టల మధ్య దూది పరచి కుట్టినది రజాయి. దూది లేకుండా పాత బట్టలనే పొరలు పొరలుగా పేర్చి కుట్టినది బొంత. రజాయి కోసం దూది కొనాలి. బొంతకు కావలసినదంతా ఇంట్లోనే ఉంటుంది.

ఈ పని మన ప్రాంతానికే పరిమితం కాదు. బెంగాల్‌లో దీన్ని కాంథా అంటారు. అక్కడి స్త్రీలు పాత చీరల అంచుల నుంచి రంగు దారాలు లాగి, వాటితోనే పూలు, చేపలు, పల్లకీలు కుట్టేవారు. కవి జసీముద్దీన్ 1929లో వెలువరించిన 'నక్షీ కాంథార్ మాఠ్' కావ్యానికి ఒక పల్లెపడుచు కుట్టిన బొంతే పేరునిచ్చింది. బీహార్‌లో దీని పేరు సుజనీ, సింధ్‌లో రల్లీ. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఎల్లాపూర్, హళియాల్ ప్రాంతాల్లో సిద్దీలు ఉన్నారు. వీరి పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవారు. వీరిలో ముస్లింలు, క్రైస్తవులు, హిందువులు ముగ్గురూ ఉన్నారు. ముగ్గురి ఇళ్ళలోనూ 'కవంది' అనే బొంత కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ నడిమికి చేరడం వారి పద్ధతి. నాలుగు మూలలా మడతపెట్టిన చిన్న గుడ్డముక్కను పువ్వులా కుడతారు. ఆ పువ్వు లేనిదే కవంది పూర్తయినట్టు కాదు. ఇంట్లో ఉన్న పాత బట్టనే వాడుతున్నా అందం విషయంలో వారు రాజీపడలేదు.

రెండు చీరలు, 20 వేల కుట్లు

బొంత కుట్టాలనుకునే సోదరీమణుల కోసం కొన్ని విషయాలు చెప్పుకుందాం. మొదటిది బట్ట ఎంపిక. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు, లుంగీలు, దుప్పట్లు దీనికి శ్రేష్ఠం. పాలిస్టర్ కలిసిన బట్ట చెమట పీల్చదు, నూలు పొరల మధ్య జారుతుంది. అనుమానంగా ఉంటే ఒక పోగు లాగి జాగ్రత్తగా నిప్పుకు చూపాలి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే ముడుచుకుని కరిగి గట్టి పూసలా మారుతుంది. కొత్త బట్ట కలపాలంటే ముందు రాత్రంతా నానబెట్టి, ఉతికి ఆరవేయాలి. అది కుంచించుకుపోవడం, రంగు దిగడం ఏదైనా ఉంటే బొంతలో చేరకముందే తేలిపోతుంది.

ఇక కొలత. చీర పొడవు సుమారు 18 అడుగులు, వెడల్పు 4 అడుగులకు కాస్త తక్కువ. దాన్ని పొడవులో మూడు మడతలు వేస్తే 6 అడుగుల పొడవుతో మూడు పొరలు వస్తాయి. ఒక మనిషి కప్పుకోవడానికి అది చాలు. రెండో చీరను మూడు ముక్కలు చేసి ఒకటి పైన, ఒకటి కింద వేయాలి. మూడో ముక్క అంచులకూ అతుకులకూ పనికొస్తుంది. అంటే రెండు చీరలతో ఐదు పొరల బొంత సిద్ధమవుతుంది. అంతకంటే మందమైతే సూది దిగదు, వేళ్ళు నొప్పి పుడతాయి.

శుభ్రంగా ఊడ్చిన నేలమీద పొరలు పరచి, నడుమ నుంచి అంచులవైపు అరచేత్తో ముడతలు తీయాలి. మూలల్లో బరువులు పెట్టి, ముందుగా జానెడు దూరాల్లో కచ్చా కుట్టు వేయాలి. తరువాత అసలు కుట్టు. సూదిని పైకీ కిందికీ తెస్తూ ముందుకు సాగే మామూలు కుట్టే ఇది. దారం నూలుదే అయి ఉండాలి. గట్టి నైలాన్ దారం పాతబడిన బట్టను కోసేస్తుంది. దారానికి కొద్దిగా మైనం రాస్తే చిక్కుపడదు. నడిమి వేలికి దర్జీలు వాడే అంగుస్తానా తొడుక్కుంటే సూది గుచ్చుకోదు. దారాన్ని బిగించి లాగకూడదు. అలా లాగితే బొంత ముడుచుకుపోతుంది.

అర అంగుళానికి ఒక వరుస వేస్తే అంత వెడల్పులో 90కి పైగా వరుసలు పడతాయి. ఒక్కో వరుస 6 అడుగులు. అంగుళానికి మూడు కుట్లు అనుకుంటే మొత్తం దాదాపు 20 వేల కుట్లు! ఈ లెక్క చెప్పింది భయపెట్టడానికి కాదు. ఇంట్లో ముడుచుకుని పడి ఉన్న పాత బొంతను ఒకసారి తీసి చూడండి. ఆ 20 వేల కుట్లు వేసింది ఎవరో, ఎవరి కోసమో ఆలోచించండి.

డబ్బిచ్చి కుట్టించుకునేవారు కూడా ఈ లెక్క గుర్తుంచుకోవాలి. మన ఊళ్ళలో బొంతలు కుట్టి బతికే పేద స్త్రీలు ఉన్నారు. దుకాణంలో రాసి ఉన్న ధరకు మారుమాట లేకుండా డబ్బు చెల్లించే మనం ఆమె దగ్గరకు వచ్చేసరికి పది రూపాయల కోసం బేరమాడతాం. కష్టానికి తగిన కూలి ఇవ్వడం దయ కాదు, ఆమె హక్కు.

సూదీ దారం ఆడవారికే చెందినవి అనుకోవడం కూడా సరికాదు. దైవప్రవక్త (స) తన దుస్తులు తానే కుట్టుకునేవారనీ, చెప్పులు తానే బాగుచేసుకునేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన విషయం మనకు తెలిసిందే. మన అబ్బాయిలకు చొక్కా గుండీ కుట్టుకోవడం కూడా నేర్పకపోతే అది ఎవరి లోపం?

పాత బట్టను కానుకగా ఇవ్వవచ్చా?

చాలామందిని వెనక్కి లాగే ప్రశ్న ఇదే. గల్ఫ్ నుంచి వచ్చేవారు తెచ్చే బరువైన పూల దుప్పట్లు అల్మారాల్లో పేరుకున్నాక, ఇంట్లో కుట్టిన బొంతను బయటివారికి ఇవ్వడం నామోషీ అయిపోయింది. అవి చలికి పనికిరావని మేము అనడం లేదు. అయితే మన ఎండలకూ ఉక్కపోతకూ, తెల్లవారుజామున కాసేపు వచ్చే చలికీ పలుచటి నూలు బొంతే హాయినిస్తుంది. హాస్టల్‌కు వెళ్ళే పిల్లవాడి పెట్టెలో సులువుగా ఇముడుతుంది. గల్ఫ్‌లో ఏసీ గదిలో పడుకునే కొడుకుకు అమ్మ చీరతో కుట్టిన బొంత పంపితే, దాని విలువ అతన్నే అడగాలి.

చిరిగి పనికిరాకుండా పోయినది అంటగట్టడం వేరు, గట్టిగా ఉన్న మెత్తటి బట్టను ఏరి ఓపికగా కుట్టి ఇవ్వడం వేరు. మనం కప్పుకోవడానికి ఇష్టపడనిది ఎదుటివారికి ఇవ్వకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సంకోచం అక్కరలేదు.

పెళ్ళికూతురికి ఇచ్చే బొంత గురించి కూడా ఒక మాట. తల్లి ప్రేమతో కుట్టి ఇచ్చినది కానుక. అత్తవారు జాబితా రాసి పంపితే కొన్నది కానుక కాదు. మంచం, పరుపు, దుప్పట్లు ఇన్ని కావాలని అడిగి తీసుకునే ఇళ్ళలో అమ్మాయి వెంట వచ్చిన బొంతకు విలువ ఏముంటుంది?

పసిబిడ్డకు ఇచ్చేటప్పుడు మరికొంత జాగ్రత్త కావాలి. రెండు మూడు పొరలకు మించకూడదు. అద్దాలు, పూసలు, గుండీలు కుట్టకూడదు. ఏడాది లోపు బిడ్డ నిద్రపోయేటప్పుడు వదులుగా ఉండే బొంతలు, మెత్తటి దిండ్లు పక్కలో ఉంచవద్దని పిల్లల వైద్యులు హెచ్చరిస్తున్నారు. అవి ముఖం మీదికి జారితే ఊపిరి ఆడదు. ఒడిలో పట్టుకోవడానికీ, మెలకువగా ఉన్నప్పుడు కింద పరచడానికీ ఆ చిన్న బొంత బాగుంటుంది.

కత్తెర వేసే ముందు

తల్లిదండ్రులు కన్నుమూశాక వారి బట్టలతో బొంత కుట్టుకోవాలని చాలామందికి ఉంటుంది. అమ్మ చీర కప్పుకుంటే అమ్మ పక్కన ఉన్నట్టే ఉంటుంది. కొన్ని ఇళ్ళలో మాత్రం పోయినవారి బట్ట పసిపిల్లలకు తగలకూడదని భయపడతారు. ఈ భయానికి ధర్మంలో ఆధారం లేదు. ఆధారం ఉన్న విషయం వేరొకటి ఉంది. దాన్నే మనం మరచిపోతున్నాం. మరణించిన వ్యక్తి వదిలిన ప్రతి వస్తువూ, కట్టు బట్టలతో సహా, తర్కా. అందులో వారసులందరికీ వాటా ఉంది. పెద్ద కోడలో, దగ్గరున్న కూతురో బీరువా తెరిచి నచ్చిన చీరలు పక్కన పెట్టేసుకోవడం సరికాదు. అందరినీ అడగాలి, అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. వారసుల్లో చిన్నపిల్లలుంటే వారి వాటాను వదులుకునే అధికారం పెద్దలకు లేదు.

చీరల కోసం అక్కాచెల్లెళ్ళు మాటలు మానుకున్న ఇళ్ళు మాకు తెలుసు. నగల దగ్గర రాని తగవు ఒక్కోసారి పాత చీర దగ్గర వస్తుంది. ఎందుకంటే నగకు ధర ఉంది, తూచి పంచవచ్చు. అమ్మ వాసన ఉన్న చీరను ఎలా తూచగలం? దానికి బొంతే ఒక దారి చూపుతుంది. అందరి సమ్మతితో ఆ చీరలన్నీ ఒకచోట చేర్చి, ఒక్కో చీరనూ ఎంతమంది పిల్లలుంటే అన్ని ముక్కలు చేయాలి. ప్రతి చీరలోంచి ఒక ముక్క ప్రతి బొంతలోనూ పడాలి. అప్పుడు పెళ్ళినాటి చీరా, పండుగ చీరా, వంటింట్లో కట్టిన చీరా అందరికీ సమానంగా అందుతాయి. అన్నదమ్ముల వాటా బొంతలు కూడా అక్కాచెల్లెళ్ళే కుట్టాలని లేదు. నలుగురూ కలిసి కూర్చుని కుడితే, కనీసం ఆ కొద్ది రోజులు ఒకే చాపమీద ఉంటారు.

పెద్దవారు ఇంకా మన మధ్య ఉన్న ఇళ్ళలో ఆ రోజు కోసం ఎదురుచూడనక్కరలేదు. నానీకి చూపు మందగించి ఉండవచ్చు, కుట్టు ఎక్కడ వదులైందో ఆమె వేళ్ళకు తెలుసు. ఈ సెలవుల్లో పిల్లలను ఆమె దగ్గర కూర్చోబెట్టండి. దారం ఎక్కించే పని వారిది, కుట్టు సరిదిద్దే పని ఆమెది. పెద్ద బొంతతో మొదలుపెట్టవద్దు, రెండున్నర అడుగుల చిన్నది చాలు. పూర్తయ్యాక ఒక మూల కుట్టినవారి పేరు, సంవత్సరం దారంతో రాయించండి. ఇంకో మూలలో ఏ బట్ట ఎవరిదో చిన్న గుర్తు వేయించండి. తరువాత దాన్ని అల్మారాలో దాచకండి. ఈ చలికాలంలో పొరుగింట్లోనో, బంధువుల్లోనో ఎవరికి అవసరమో పిల్లలనే ఎంచమని చెప్పి, వారి చేతులతోనే ఇప్పించండి.