విశాఖలో మ్యూజిక్ ప్రోగ్రాం పెడుతున్నారా..? ఆర్టిస్టుల ఫీజు లెక్క ముందే వేసుకోండి.. లేదంటే చివర్లో చిక్కే!

పగలంతా డ్యూటీ.. సాయంత్రం పాట. స్టీల్‌ప్లాంట్, పోర్టు, నేవీ ఉద్యోగులున్న విశాఖలో సరదాగా పాడుకునే గ్రూపులకు కొదవలేదు. కరోకే ట్రాక్‌తో మొదలైన టీమ్‌కి ఏదో ఒక రోజు లైవ్ ఆర్కెస్ట్రాతో స్టేజీ ఎక్కాలనిపిస్తుంది. అసలు ఇబ్బంది అక్కడే. హాలు, ఫ్లెక్సీలు, శాలువాలకు పోగా మిగిలింది కళాకారుల చేతిలో పెడితే ఎలా? పాడేవాళ్లకి అది హాబీ.. కీబోర్డు, తబలా వాయించేవాళ్లకి అదే బతుకుదెరువు.

ఫీజులో ఏమేం వస్తాయి?

స్టేజీ మీద ఉండే 3 గంటలే లెక్క కాదు. రిహార్సల్స్, సౌండ్ చెక్, సింగర్‌కి తగ్గట్టు శ్రుతి మార్చుకోవడం.. అన్నీ పనే. చెప్పిన రేటు ఒక్క షోకా, రిహార్సల్స్‌తో కలిపా అన్నది ముందే అడగండి. రిహార్సల్ ఉక్కునగరంలో, ప్రోగ్రాం సిరిపురం గురజాడ కళాక్షేత్రంలో అయితే ప్రయాణ ఖర్చులూ కలపాలి. విజయనగరం నుంచి పిలిస్తే రానుపోను ఛార్జీలు మీవే.

ఈ లెక్క చూడండి

ఇవి మార్కెట్ రేట్లు కావు.. ఉదాహరణ మాత్రమే. నలుగురు కళాకారులు. ఒక్కొక్కరికి షోకి రూ.5,000, రిహార్సల్‌కి రూ.1,500 చొప్పున రెండింటికి రూ.3,000. నలుగురికీ కలిపి రూ.32,000. ప్రయాణం, భోజనం రూ.4,000. అనుకోని ఖర్చులకు 10 శాతం, అంటే రూ.3,600. మొత్తం రూ.39,600. గ్రూపులో 20 మంది ఉంటే తలా రూ.1,980. ‘షోకి 5 వేలే కదా, 20 వేలతో అయిపోతుంది’ అనుకుంటే దాదాపు రెట్టింపు అయ్యింది! హాలు, సౌండ్ దీనికి అదనం.

బడ్జెట్ సరిపోకపోతే రేటు దగ్గర బేరం ఆడకండి. మొదటి రిహార్సల్ ట్రాక్‌తో మీరే చేసుకుని, రెండోదానికి ఆర్టిస్టులను పిలవండి. రూ.6,000 మిగులుతుంది.

ట్యాక్స్, కాపీరైట్ సంగతేంటి?

శాస్త్రీయ, జానపద ప్రదర్శనకు కళాకారుడి పారితోషికం రూ.1.5 లక్షలు దాటకపోతే జీఎస్టీ ఉండదు. సినిమా పాటల ఆర్కెస్ట్రాకి ఈ మినహాయింపు రాదు. అయితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేని చిన్న కళాకారులు ఎలాగూ ఆ పన్ను వేయరు. టికెట్ ధర రూ.500 లోపైతే దానిమీదా జీఎస్టీ లేదు.

1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 ప్రకారం అమెచ్యూర్ క్లబ్బు ఉచితంగా ఇచ్చే ప్రదర్శనకు మినహాయింపు ఉంది. టికెట్ పెట్టినా, ప్రొఫెషనల్స్‌ని తీసుకున్నా ఐపీఆర్‌ఎస్ లైసెన్స్ కావాలేమో ముందే కనుక్కోండి.

మాట కాదు.. మెసేజ్ ఉండాలి

తేదీ, టైమ్, రేటు, అడ్వాన్స్.. అన్నీ వాట్సాప్‌లో రాసి ఇద్దరూ ఓకే అనుకోండి. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ చూసిన ఊరు మనది. తుపానుతో ప్రోగ్రాం ఆగిపోతే అడ్వాన్స్ ఏమవుతుందో కూడా అందులోనే రాయండి. మిగతా డబ్బు ఆ రాత్రే ఇచ్చేయండి. అప్పుడే మరో ప్రోగ్రాంకి పిలిచినా వాళ్లు సంతోషంగా వస్తారు.