పరిహార మెవరికి?

1833వ సంవత్సరమున బ్రిటిష్ పార్లమెంటు చేసిన దాస్యవిమోచన శాసనమును గూర్చి వ్రాయునపుడు ఆంగ్లచరిత్రకారుల లేఖిని కించిత్తు గర్వించుట సహజము. క్లార్క్‌సన్, విల్బర్‌ఫోర్సు ప్రభృతుల దీర్ఘపరిశ్రమను మేమును తక్కువ చేయము. కాని ఆ శాసనమునందలి లెక్కలను చూచినవారికి వేఱొక సంగతి గోచరించును.

అందు 2 కోట్ల పౌనులు నష్టపరిహారముగా నిర్ణయింపబడెను. నాటి ప్రభుత్వపు సంవత్సరవ్యయములో నది సుమారు నూటికి 40 పాళ్లు. ఈ ధన మెవరికి? తరతరములుగా చెఱకుతోటలలో చెమటయు నెత్తురును ధారపోసిన బానిసలకా? వారికి చిల్లికాసైనను లేదు. అంతయు యజమానులకే! పైగా 1834 ఆగష్టు 1వ తేదీన విముక్తులైరన్న వెస్టిండీసు బానిసలలో పెక్కుమంది 'అప్రెంటిసు'లను క్రొత్తపేరుతో పాతదొరలయొద్దనే వారమునకు 45 గంటలవఱకు కూలిలేని చాకిరి చేయవలసివచ్చెను. ఈ వంచన 1838 వఱకు సాగినది.

నష్టపరిహారము న్యాయముగ తనదైన వస్తువును కోల్పోయినవానికి చెల్లునది. దొంగసొమ్ము పట్టువడినపుడు దొంగకు వెలకట్టి యిచ్చుట యే ధర్మశాస్త్రమునందు గలదు? మనుజుని దేహము మనుజునిదే యనుట నైసర్గికమైన హక్కగునేని, యజమానునకు దానిపై స్వత్వ మెన్నడును లేదు. లేని స్వత్వము పోయినదని పరిహార మెట్లు? పార్లమెంటు బానిసను విడిపించుచునే, అతడు వస్తువే యని మరల నొకపరి యంగీకరించినది. సొమ్మీయకున్న శాసనము నెగ్గెడిది కాదందురు. కావచ్చును; ఆ యవసరమునకు న్యాయమని పేరు పెట్టకున్న చాలును. ప్రతిమనుజుడును తన దేహమునకు తానే యొడయడని బోధించిన జాన్ లాక్ మహాశయుడే బానిసల వర్తకముచేయు రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాదారుడు!

ఈస్టిండియా కంపెనీ యేలుబడిలోని ప్రదేశములకు ఈ విమోచనము వర్తింపదని శాసనమందే వ్రాసికొనిరి. ఇచ్చటి న్యాయస్థానములు దాస్యమును గుర్తింపరాదను చట్టము 1843లో వచ్చెను. బానిసను క్రయవిక్రయము చేయుట నేరమగుటకు 1860 నాటి శిక్షాస్మృతి రావలసివచ్చినది. ఈలోపల 1834 నుండియే ఒడంబడిక కూలీలను మారిషసు తోటలకు ఓడలపై చేర్చుచుండిరి. కోరంగిరేవు పేరున అచ్చట మన తెలుగువారికి 'కోరంగీ'లను పేరు నిలిచినది.

ఆ పరిహారమునకై చేసిన ఋణము 2015లోగాని పూర్తిగ తీరలేదు. 1948 మొదలు వెస్టిండీసునుండి ఇంగ్లండునకు వలసపోయి పన్నులు కట్టినవారిలో ఆ బానిసల సంతతివారును గలరు. తమ ముత్తాతలను కొన్నవారికి చెల్లించిన సొమ్ములో వారును వంతు పెట్టిరి.