శరీరంలో కరిగిపోయే ప్లాస్టిక్‌పై లేజర్ గాట్లు.. కణాలకు దారి చూపిస్తాయా?

ఆపరేషన్ తర్వాత వేసే కొన్ని కుట్లను విప్పాల్సిన పనే ఉండదు. కొన్ని వారాల్లో వాటంతట అవే కరిగిపోతాయి. ఆ దారం ఏ పాలిమర్ కుటుంబానికి చెందిందో, అదే కుటుంబం పదార్థాలతో ఎముక, నరం, రక్తనాళం ముక్కల్ని తిరిగి పెంచాలని శాస్త్రవేత్తలు ప్రయత్నిస్తున్నారు. అయితే ఓ చిక్కుంది. ఆ పాలిమర్ నున్నగా ఉంటే కణాలు దాన్ని సరిగ్గా పట్టుకోవు. అందుకే దాని మీద లేజర్‌తో వెంట్రుక కంటే సన్నటి గాట్లు పెడుతున్నారు. మందు లేదు, పూత లేదు.. ఉత్త గాట్లే! మరి అవి కణాలను ఎలా మారుస్తాయి? ఈ టెక్నాలజీ ఎక్కడిదాకా వచ్చింది? చూద్దాం.

అసలు ఇదంతా ఎందుకు?

యాక్సిడెంట్‌లో ఎముక ముక్క పోయిందనుకోండి. డాక్టర్లు చాలాసార్లు అదే మనిషి తుంటి ఎముక నుంచి కొంత తీసి అక్కడ పెడతారు. గుండెకు బైపాస్ చేయాలంటే కాలిలోని సిరను తీసి వాడతారు. అంటే ఒకచోట బాగు చేయడానికి ఇంకోచోట కోయాలి. పైగా కొందరిలో పనికొచ్చే సిర దొరకదు. పోనీ కృత్రిమ గొట్టం పెడదామంటే.. పెద్ద రక్తనాళాల్లో అది బాగానే పనిచేస్తుంది కానీ, 6 మిల్లీమీటర్ల కంటే సన్నటి నాళాల్లో రక్తం గడ్డకట్టి మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ.

టిష్యూ ఇంజినీరింగ్ అనే రంగం ఈ అవసరం నుంచే పెరిగింది. ఐడియా సింపుల్. ఇంటికి స్లాబ్ వేసేటప్పుడు ముందు సెంట్రింగ్ కడతారు. కాంక్రీట్ గట్టిపడ్డాక దాన్ని తీసేస్తారు. ఇక్కడా అంతే. కణాలు పెరగడానికి ముందు ఓ ఆధారం కావాలి. దాన్నే స్కాఫోల్డ్ అంటారు. తేడా ఒక్కటే.. ఈ సెంట్రింగ్‌ను ఎవరూ విప్పక్కర్లేదు. సొంత కణజాలం పెరిగేకొద్దీ అది లోపలే కరిగిపోవాలి.

ఏ ప్లాస్టిక్ ఇలా కరుగుతుంది?

ఎక్కువగా వినిపించే పేర్లు నాలుగు.

పీఎల్ఏ: మొక్కజొన్న లాంటి పంటల పిండి నుంచి తయారు చేయొచ్చు. 3డీ ప్రింటింగ్ చేసేవాళ్లకు బాగా తెలిసిన పేరు. శరీరంలో నీటి ప్రభావంతో మెల్లగా విరిగి లాక్టిక్ యాసిడ్‌గా మారుతుంది. పరిగెత్తినప్పుడు మన కండరాల్లో తయారయ్యేదీ అదే కాబట్టి, దాన్ని ఎలా వదిలించుకోవాలో శరీరానికి ముందే తెలుసు.

పీఎల్‌జీఏ: ఇందులోని రెండు పదార్థాల పాళ్లు మారిస్తే కరిగే వేగం మారుతుంది. సగం సగం కలిపిన రకం ఒకట్రెండు నెలల్లోనే విరిగిపోతుంది.

పీసీఎల్: చాలా నిదానం. పూర్తిగా పోవడానికి రెండేళ్లు, ఇంకా ఎక్కువ కూడా పడుతుంది.

కైటోసాన్: రొయ్యలు, పీతల పెంకుల్లోని కైటిన్ నుంచి తీస్తారు. మన కోస్తాలో రొయ్యల ప్లాంట్ల దగ్గర గుట్టలుగా పడే పొట్టు దీనికి ముడిసరుకే.

ఇక్కడే అసలు చిక్కు!

ఈ పాలిమర్లు శరీరానికి పెద్దగా హాని చేయవు. కానీ కణాలకు నచ్చేలా కూడా ఉండవు. పీఎల్ఏ, పీసీఎల్ లాంటివి నీటిని అంతగా ఇష్టపడవు. కణం నేరుగా ప్లాస్టిక్‌ను పట్టుకోదు. ముందు శరీర ద్రవాల్లోని ప్రొటీన్లు ఆ ఉపరితలం మీద పలుచటి పొరలా పరుచుకుంటాయి. కణం తన పైపొరలో ఉండే ఇంటెగ్రిన్లు అనే కొక్కేలతో ఆ ప్రొటీన్లను పట్టుకుంటుంది. ఉపరితలం అనుకూలంగా లేకపోతే ఆ పొర సరిగ్గా ఏర్పడదు, కొక్కేలకు పట్టు దొరకదు.

ఆలస్యమైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది. శరీరంలోకి ఏ వస్తువు పెట్టినా దాని మీద చోటు కోసం మన కణాలకు, బ్యాక్టీరియాకు మధ్య పోటీ మొదలవుతుంది. 1987లో ఆంథనీ గ్రిస్టినా అనే డాక్టర్ దీన్ని 'ఉపరితలం కోసం పరుగు పందెం' అన్నారు. మన కణాలు ముందు చేరితే ఇంప్లాంట్ నిలుస్తుంది. బ్యాక్టీరియా ముందు చేరి స్థిరపడితే చాలాసార్లు దాన్ని బయటికి తీయక తప్పదు.

రోలుకు కక్కు కొట్టినట్టే!

రోలు అరిగి నున్నబడితే పిండి సరిగ్గా నలగదు. అందుకే దానికి కక్కు కొట్టిస్తారు. పాత గోడకు ప్లాస్టరింగ్ చేసేముందు మేస్త్రీ గాట్లు పెట్టేది కూడా సిమెంట్‌కు పట్టు దొరకాలనే. పాలిమర్ మీద లేజర్ చేసే పనిలో సగం ఇదే.

మిగతా సగం నీటికి సంబంధించింది. తామరాకు మీద నీటి బొట్టు ఎందుకు నిలవదు? ఆకు మీద మైనం పూత ఉంటుంది. దానికి తోడు కంటికి కనిపించని బుడిపెలు ఉంటాయి. ఆ రెండూ కలిసి బొట్టును జారుస్తాయి. అంటే నీరు నిలవాలా, జారాలా అన్నది పదార్థం మీదే కాదు, దాని పైన ఉన్న ఎత్తుపల్లాల మీద కూడా ఆధారపడి ఉంటుంది. గాట్ల లోతు, వెడల్పు, వాటి మధ్య దూరం మారిస్తే అదే పాలిమర్ నీటితో ప్రవర్తించే తీరు మారిపోతుంది. దాంతో ప్రొటీన్లు పరుచుకునే తీరు, కణం పట్టుకునే తీరు కూడా మారతాయి.

సాలెగూడు చెప్పిన సంగతి

ఇంతకీ కణాలకు గీతలు ఎలా తెలుస్తాయి? దీనికి వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికా శాస్త్రవేత్త రాస్ హారిసన్ 1914లో ప్రచురించిన పరిశోధనలో కణాలను సాలెగూటి పోగుల మీద పెంచి చూశారు. కణాలు ఎటుపడితే అటు కాకుండా ఆ పోగుల వెంటే సాగాయి. తర్వాత పాల్ వైస్ అనే శాస్త్రవేత్త దీనికి 'కాంటాక్ట్ గైడెన్స్' అని పేరు పెట్టారు. అంటే తాకిడితో దారి తెలుసుకోవడం.

మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. చాలా కణాలు 10 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటాయి. గాడి వెడల్పు ఆ లెక్కలో ఉంటే కణం దాని వెంట సాగుతుంది. కణం ఆకారం మారితే లోపలి అస్థిపంజరం లాంటి నిర్మాణం మారుతుంది. దాని ప్రభావం కేంద్రకం దాకా వెళ్లి కణం పనితీరునే మారుస్తుంది. 2013లో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఇర్వైన్ క్యాంపస్ పరిశోధకులు మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలను సన్నటి గీతల నమూనా మీద పెంచారు. కణాలు పొడవుగా సాగాయి. అలా సాగినవి దాడి చేసే తీరు నుంచి గాయం మాన్పే తీరు వైపు మొగ్గాయి. అక్కడ కణాల తీరును మార్చింది గీతల నమూనానే!

లేజర్ పెడితే ప్లాస్టిక్ కరిగిపోదా?

ఈ డౌట్ రావడం సహజం. పీసీఎల్ సుమారు 60 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది. టీ గ్లాసు వేడి చాలు. మామూలు లేజర్ పెడితే గీత పడాల్సిన చోట ముద్ద అవుతుంది. దీనికి రెండు దారులు దొరికాయి.

మొదటి దారి వెనుక మద్రాసులో పుట్టిన ఓ శాస్త్రవేత్త ఉన్నారు. ఆయన పేరు రంగస్వామి శ్రీనివాసన్. న్యూయార్క్ రాష్ట్రంలోని ఐబీఎం ల్యాబ్‌లో పనిచేసేవారు. 193 నానోమీటర్ల అతినీలలోహిత ఎగ్జైమర్ లేజర్ పాలిమర్ మీద పడితే చుట్టుపక్కల కాలకుండా పొరను చెక్కేస్తోందని ఆయన బృందం గుర్తించింది. 1981 నవంబర్‌లో థ్యాంక్స్ గివింగ్ మర్నాడు.. ఆయన ఇంట్లో మిగిలిన టర్కీ కోడి ముక్కల్ని ల్యాబ్‌కు తెచ్చి అదే లేజర్ ప్రయోగించారు. కాలిన మచ్చ లేకుండా నీటుగా గాటు పడింది. లేసిక్ కంటి ఆపరేషన్‌కు బాట వేసింది ఆ ప్రయోగమే. ఈ పనికి శ్రీనివాసన్, ఆయన సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లకు అమెరికా జాతీయ టెక్నాలజీ, ఇన్నోవేషన్ పతకం దక్కింది.

రెండోది ఫెమ్టోసెకండ్ లేజర్. ఫెమ్టోసెకండ్ అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లో వంతు. ఊహకు అందాలంటే.. ఒక్క సెకనులో ఎన్ని ఫెమ్టోసెకండ్లు ఉంటాయో, 3 కోట్ల 17 లక్షల ఏళ్లలో అన్ని సెకన్లు ఉంటాయి! 100 ఫెమ్టోసెకండ్లలో కాంతి కూడా 30 మైక్రాన్లే వెళ్తుంది. అంటే వెంట్రుక మందంలో సగం కూడా దాటదు. ఇంత తక్కువ టైమ్‌లో శక్తి మొత్తం ఒకే చుక్క మీద పడటంతో, వేడి పక్కకు పాకేలోపే ఆ చుక్క ఆవిరైపోతుంది. పక్కన ఉన్న పాలిమర్ పెద్దగా దెబ్బతినదు. ఇలాంటి బలమైన లేజర్ పల్స్‌లకు దారి చూపిన పద్ధతిని 1985లో డోనా స్ట్రిక్‌ల్యాండ్, జెరార్డ్ మురూ కనిపెట్టారు. అందుకు 2018 భౌతికశాస్త్ర నోబెల్‌లో వాటా అందుకున్నారు.

ఇప్పుడు ఎవరేం చేస్తున్నారు?

బల్గేరియా రాజధాని సోఫియాలో అల్బెనా దస్కలోవా బృందం పీసీఎల్, పీఎల్ఏ, కైటోసాన్, కొల్లాజెన్ పొరల మీద ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గాడులు, నురగ లాంటి రంధ్రాలు చేసి కణాల స్పందనను పరిశీలిస్తోంది. గ్రీస్‌లోని క్రీట్ దీవిలో ఇమ్మానుయేల్ స్ట్రటాకిస్ బృందం ఇంకో రూట్‌లో వెళ్లింది. ముందు సిలికాన్ మీద లేజర్‌తో నమూనా చెక్కి, దాన్నే అచ్చుగా వాడి పీఎల్‌జీఏలో నకళ్లు తీసింది. ఇలా చేస్తే ప్రతి ముక్క మీదా మళ్లీ లేజర్ నడపాల్సిన పని ఉండదు.

నరానికి గాడులు చాలా కీలకం. తెగిన నరం రెండో చివరను చేరాలంటే పోగు తిన్నగా సాగాలి. రక్తనాళంలోనూ లోపలి పొర కణాలు రక్తం పారే దిశలో పరుచుకుంటాయి.

మన దగ్గర హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ భౌతికశాస్త్ర పరిశోధకులు 2010 నాటికే ఫెమ్టోసెకండ్ లేజర్‌తో పాలిమర్లలో సూక్ష్మ నిర్మాణాలు గీసి పరిశోధన పత్రాలు ప్రచురించారు. అయితే అందులో వాడిన పీఎంఎంఏ, పీడీఎంఎస్ శరీరంలో కరిగేవి కావు. చిన్న చిప్ మీదే ల్యాబ్ పరీక్షలు చేసే పరికరాల కోసం చేసిన పని అది.

ఆస్పత్రికి ఎప్పుడొస్తుంది?

లేజర్ గీతల ఐడియా ఒక రూపంలో ఇప్పటికే వచ్చింది. కొన్ని టైటానియం పంటి ఇంప్లాంట్ల మెడ భాగంలో చిగురు కణజాలం పట్టుకునేలా లేజర్‌తో సూక్ష్మ గాడులు చెక్కుతున్నారు. కానీ అది కరగని లోహం. కరిగే పాలిమర్‌తో వ్యవహారం వేరు.

ఎందుకంటే పాలిమర్ కరిగేకొద్దీ పైనున్న గాట్లూ చెరిగిపోతాయి. ఈలోపే కణాలు పట్టు సాధించాలి. లేజర్ తగిలిన చోట పాలిమర్ గొలుసులు కొంత తెగి, అనుకున్నదానికంటే వేగంగా కరిగే అవకాశం కూడా ఉంది. ల్యాబ్‌లో బల్లపరుపు పొర మీద గీసినంత ఈజీగా, స్పాంజ్ లాంటి స్కాఫోల్డ్ లోపలి గోడల మీద గీయలేరు. లేజర్ వెలుగు అక్కడికి సరిగ్గా చేరదు.

కరిగే పాలిమర్ విషయంలో వైద్యరంగం ఇప్పటికే ఓ గట్టి పాఠం నేర్చుకుంది. పీఎల్ఏ రకం పాలిమర్‌తో చేసిన అబ్బాట్ కంపెనీ గుండె స్టెంట్ 'అబ్జార్బ్'కు 2016లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. లోహపు స్టెంట్‌తో పోలిస్తే దీంట్లో రక్తం గడ్డకట్టే ముప్పు ఎక్కువని అధ్యయనాల్లో తేలింది. 2017లో కంపెనీ దాని అమ్మకాలు ఆపేసింది. ఆ స్టెంట్‌కు లేజర్ గాట్లతో సంబంధం లేదు. కానీ 'కరిగిపోతుంది కాబట్టి సేఫ్' అని ముందే అనేసుకోకూడదని అది చూపించింది.

కాబట్టి లేజర్ గాట్లు పెట్టిన కరిగే స్కాఫోల్డ్ కథ ప్రస్తుతానికి ఎక్కువగా ల్యాబ్‌లోనే నడుస్తోంది. 'లేజర్‌తో ఎముక, నరం మళ్లీ పెంచేస్తాం' అని ఎవరైనా ప్యాకేజీ చెబితే.. ఏ ఇంప్లాంట్ వాడుతున్నారు, అది దేనితో చేసింది, మన దేశంలో దానికి అనుమతి ఉందా అని ముందు అడగండి. మనుషుల మీద జరిగిన ట్రయల్స్ ఫలితాలు చూపించమనండి. డబ్బు కట్టే సంగతి ఆ తర్వాతే.