విదేశీ వీసా, నివాసానుమతి రుసుములకు ముందస్తు లెక్క అవసరం

నరసరావుపేట: ఉన్నత విద్యకు, ఉపాధికి విదేశాలకు వెళ్లేవారి కుటుంబాలు సాధారణంగా కళాశాల రుసుమును, విమాన చార్జీని ముందుగా లెక్కించుకుంటాయి. వీసా, నివాసానుమతి రుసుములు మాత్రం చిల్లర ఖర్చుల పద్దులోకి పోతాయి. నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతాలలో రాబడి అధికంగా మిర్చి, పత్తి అమ్మకాలపై ఆధారపడి ఉంటుంది. రుసుముల గడువులు గుంటూరు మిర్చి యార్డు ధర కోసం ఆగవు గనుక, అప్పటికప్పుడు బంగారం తాకట్టు పెట్టవలసి వస్తుంది.

అమెరికా విద్యార్థి వీసా దరఖాస్తు రుసుము 2023 జూన్ 17 నుంచి 160 డాలర్ల నుంచి 185 డాలర్లకు పెరిగింది. దీనికి తోడు సెవిస్ రుసుము 350 డాలర్లు. రెండూ కలిపి 535 డాలర్లు. డాలరు 85 రూపాయలైతే ఇది రూ.45,475, 90 రూపాయలైతే రూ.48,150. 2025 జూలై 4న ఆమోదం పొందిన చట్టం మరో 250 డాలర్ల రుసుమును నిర్దేశించింది. దరఖాస్తు చేసే నాటికి అది వసూలవుతున్నదో లేదో సరిచూసుకోవాలి. వేలిముద్రలకు, నానక్‌రాంగూడలోని కాన్సులేట్‌లో ఇంటర్వ్యూకు హైదరాబాద్ వెళ్లి ఉండే ఖర్చు దీనికి అదనం.

వీసా నిరాకరించినచో 185 డాలర్లు తిరిగి రావు. మళ్లీ దరఖాస్తు చేస్తే మళ్లీ చెల్లించవలసిందే. అయితే నిరాకరణ జరిగిన 12 నెలలలోగా అదే తరగతి వీసాకు దరఖాస్తు చేసేవారు సెవిస్ రుసుమును రెండోసారి చెల్లించనవసరం లేదు. ఈ విషయం తెలియక రెండుసార్లు కట్టే ప్రమాదం ఉంది.

బ్రిటన్ విషయంలో లెక్క మరింత జాగ్రత్తగా చూడాలి. 2025 ఏప్రిల్ 9 నాటి రేట్ల ప్రకారం విద్యార్థి వీసా 524 పౌండ్లు. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్లు. ఏడాది పీజీ కోర్సుకు చదువు తరువాతి నెలలు కూడా కలుస్తాయి గనుక సర్‌చార్జి సాధారణంగా ఏడాదిన్నరకు, అంటే 1,164 పౌండ్లు అవుతుంది. మొత్తం 1,688 పౌండ్లు, పౌండుకు రూ.115 చొప్పున సుమారు లక్షా 94 వేల రూపాయలు. వీసా రాకపోతే సర్‌చార్జి తిరిగి వస్తుంది, వీసా రుసుము రాదు.

అసలు భారం చదువు ముగిశాక పడుతుంది. అక్కడే ఉద్యోగం వెదుక్కునే గ్రాడ్యుయేట్ అనుమతికి అవే రేట్ల ప్రకారం 880 పౌండ్లు, సర్‌చార్జి ఏడాదికి 1,035 పౌండ్లు. రెండేళ్లకు 2,950 పౌండ్లు, అంటే రూ.3.39 లక్షలు. మొదటి వీసా ఖర్చు కంటే ఇది చాలా ఎక్కువ. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే పీజీ విద్యార్థులకు ఈ అనుమతి 18 నెలలే. సర్‌చార్జి ఆ మేరకు తగ్గుతుంది. సెప్టెంబరులో చేరినవారి వీసా మరుసటి ఏడాది దాటాక జనవరి ప్రాంతంలో ముగుస్తుంది. అప్పటికి ఇక్కడ మిర్చి కోతలు పూర్తికావు.

రేట్లు స్థిరంగా ఉండవు. ఆస్ట్రేలియా విద్యార్థి వీసా 2024 జూలై 1న 710 నుంచి 1,600 డాలర్లకు, 2025 జూలై 1న 2,000 డాలర్లకు చేరింది. ఇక జర్మనీ వీసా 75 యూరోలే గాని, 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు స్తంభింపజేసిన ఖాతాలో చూపవలసి ఉంటుంది. ఇది రుసుము కాదు. నెలకు 992 యూరోల చొప్పున విద్యార్థికే అందుతుంది. రుసుమును, డిపాజిట్‌ను ఒకే గాటన కట్టి అప్పు తెచ్చుకోరాదు.

గల్ఫ్ దేశాలకు కూలి, డ్రైవర్ పనులపై వెళ్లేవారి సంగతి వేరు. నివాసానుమతి భారం కార్మికునిది కాదు. సౌదీ కార్మిక చట్టం 40వ అధికరణ ప్రకారం నియామక ఖర్చు, ఇఖామా రుసుము, దాని నవీకరణ, ఆలస్యానికి పడే జరిమానా యజమానే భరించాలి. భారత నిబంధనల ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా రూ.30,000, దానిపై 18 శాతం జీఎస్టీ, వెరసి రూ.35,400. ఇంతకు మించి "వీసా ఖర్చు" పేరిట లక్షలు అడిగినచో ముందుగా ఇ-మైగ్రేట్ పోర్టల్‌లో ఆ ఏజెంటు రిజిస్ట్రేషన్‌ను పరిశీలించి, రసీదు లేకుండా సొమ్ము ఇవ్వరాదు. విజిట్ వీసాపై పంపి అక్కడ మారుస్తామనే మాటకు చట్టపరమైన ఆధారం ఉండదు. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375, బీమా మొత్తం రూ.10 లక్షలు.