అత్తగారి తొడకు పట్టీ... టీవీలో పరుగు!

వ్యాయామం అనగానే "తీరికేదీ?" అంటాం మనలో చాలామందిమి. తీరిక దొరికినా, మా మార్కాపురంలాంటి ఊళ్ళో బూట్లేసుకుని రోడ్డెక్కాలంటే అదో మొహమాటం. మా అత్తగారిది గిద్దలూరు వైపు పల్లె. చిన్నప్పట్నుంచీ బిందెలు మోసిన మోకాళ్ళు. డాక్టరు చెప్పిన వ్యాయామాలు నాలుగురోజులు చేసి, "ఒట్టిగా కాళ్ళూపుతా కూచోడం నావల్ల కాదమ్మాయ్" అని మానేశారు.

ఆవిడ ఇప్పుడు రోజూ ఇరవై నిమిషాలు వీడియోగేమ్ ఆడుతున్నారంటే నమ్ముతారా?

అమెరికా నుంచి మా ఆడపడుచు తెచ్చిందీ ఆట. పేరు 'రింగ్ ఫిట్ అడ్వెంచర్'. జపాన్‌లోని నింటెండో కంపెనీ 2019లో విడుదల చేసింది. ఆ కంపెనీవాళ్ళ 'స్విచ్' యంత్రాన్ని టీవీకి తగిలించి ఆడాలి. ఎడమ తొడకు పట్టీ, చేతుల్లో జల్లెడంత చక్రం. రెండింట్లోనూ చిన్న రిమోట్లు అమర్చాలి. ఉన్నచోటే పరిగెత్తితే టీవీలో బొమ్మ పరిగెడుతుంది. గుంజీ తీస్తే ఎదుటి రాక్షసుడికి దెబ్బ!

కిటుకంతా రిమోట్లోని సెన్సర్లది. బస్సుకు సడన్‌బ్రేకు వేస్తే ముందుకు తూలుతాం కదా, సెన్సర్లో కంటికి కనబడనంత చిన్న బరువు అలాగే తూలుతుంది. ఆ తూలడాన్ని కొలిచి, కాలు ఎటు కదిలిందో లెక్కకడుతుంది. సెల్‌ఫోన్ని పక్కకు తిప్పితే బొమ్మ తిరిగేదీ ఇలాంటి సెన్సర్‌తోనే. ఒంటికి తొడుక్కుని ఆడే ఆటలు కొత్తవేం కాదు. 1989లోనే అమెరికాలో మాటెల్ కంపెనీ 'పవర్ గ్లవ్' అనే చేతితొడుగు అమ్మింది. వేళ్ళు ముడిస్తే దానికి తెలిసేది.

అసలు చిక్కు చీరతో వచ్చింది. కుచ్చిళ్ళమీద పట్టీ నిలవదు. పుట్టి బుద్ధెరిగి చీర తప్ప కట్టని అత్తగారు తలుపులేయించి, నా పంజాబీ డ్రస్సు పైజమా వేసుకున్నారు. "ఎవరికీ చెప్పబాక" అన్నారు కూడా. (ఇప్పుడు రాయమన్నదీ ఆవిడే!)

మావాడు పట్టీ విప్పి చేత్తో ఊపితే బొమ్మ పరిగెత్తింది. దానికి తెలిసేది కదలిక ఒక్కటే. నొప్పి తెలియదు. పైగా మా పడమటి పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్ళ బాధ ఉండనే ఉంది. కీళ్ళు పట్టేస్తే ముందు డాక్టరుకే చూపించాలి. అత్తగారి డాక్టరు గుంజీలు వద్దన్నారు. మోకాళ్ళమీద భారం తగ్గించే ఏర్పాటు ఆటలోనే ఉంది, అదే పెట్టుకున్నాం. గెంతులకు కిందివాటావాళ్ళు విసుక్కోకుండా చప్పుడు లేని పద్ధతి కూడా ఉంది.

నొప్పి పోయిందా అంటే, పోలేదు. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకోవడం మాత్రం మానేశారు.