థైరాయిడ్ శస్త్రచికిత్సకు వైద్యుని ఎంచుకోవడం ఎలా?

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఒదిగి ఉండే థైరాయిడ్ గ్రంథి చిన్నదే అయినా, దేహంలోని జీవక్రియల వేగం దాని అధీనంలోనే ఉంటుంది. మెడలో కలిగే వాపును సుశ్రుతాచార్యులు ఏనాడో 'గలగండం' అనే పేరుతో వర్ణించారు.

నేను సంగీత ఉపాధ్యాయురాలిని. రెండేళ్ల క్రితం అద్దం ముందు నల్లపూసలు సర్దుకుంటుండగా, గుటక వేసినప్పుడల్లా గొంతు కుడి పక్కన ఉసిరికాయంత గడ్డ కదలడం గమనించాను. మా ఆయుర్వేద వైద్యుల పర్యవేక్షణలో నాలుగు నెలలు కాంచనార గుగ్గులు సేవించాను. గడ్డ తగ్గలేదు. "దీని స్వభావం తెలియకుండా ఇంకా మందు ఇవ్వడం ధర్మం కాదమ్మా, ముందు పరీక్షలు చేయించండి" అని ఆయనే పంపించారు. ఆ మాటకు నేటికీ ఋణపడి ఉన్నాను.

రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్, సన్నని సూదితో కణాలు తీసే పరీక్ష జరిగాయి. క్యాన్సర్ అవునో కాదో వాటితో తేలలేదు. గడ్డ ఉన్న సగం గ్రంథిని తీసి పరీక్షించవలసిందే అన్నారు. నా భయమంతా కంఠం గురించే. స్వరపేటికకు వెళ్లే నాడి ఈ గ్రంథిని ఆనుకునే పోతుంది. అది దెబ్బతింటే గొంతు బొంగురుపోతుంది.

మొదట కలిసిన శస్త్రవైద్యుని, "ఇటువంటి ఆపరేషన్లు ఏడాదికి ఎన్ని చేస్తారండీ?" అని సంకోచిస్తూనే అడిగాను. "రెండో, మూడో" అని నిజాయితీగా చెప్పి, ఎండోక్రైన్ సర్జన్‌ను కలవమన్నారు. థైరాయిడ్ వంటి గ్రంథుల శస్త్రచికిత్సలో ప్రత్యేక శిక్షణ పొందినవారు వీరు. లక్నోలోని సంజయ్ గాంధీ వైద్య విజ్ఞాన సంస్థ వంటి చోట్ల ఈ విద్యకు ప్రత్యేక విభాగమే ఉంది.

పాఠకులు కూడా వైద్యుని ఈ ప్రశ్నలు తప్పక అడగాలి:

1. ఏటా ఎన్ని థైరాయిడ్ ఆపరేషన్లు చేస్తారు? పూర్తి గ్రంథిని తొలగించే శస్త్రచికిత్సలు ఏడాదికి 25కు మించి చేసేవారి వద్ద ఇబ్బందులు తక్కువని 2017లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం తెలిపింది.

2. ఆపరేషన్‌కు ముందూ తరువాతా స్వరతంత్రులను పరీక్షిస్తారా?

3. గ్రంథి వెనుక సాధారణంగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు బియ్యపుగింజల్లా ఉంటాయి. వాటిని ఎలా కాపాడతారు? అవి దెబ్బతింటే రక్తంలో కాల్షియం తగ్గి, పెదవుల చుట్టూ, వేళ్లలో తిమ్మిర్లు వస్తాయి.

4. సగం తీస్తే చాలునా, పూర్తిగా తీయాలా? పూర్తిగా తీస్తే జీవితాంతం ప్రతిదినం పరగడుపున థైరాక్సిన్ మాత్ర తప్పదు. కాఫీ కనీసం అరగంట తరువాతే తాగాలి.

నా రెండవ వైద్యులు వీటన్నింటికీ విసుగు లేకుండా, బొమ్మ గీసి మరీ సమాధానమిచ్చారు. "నాడికి హాని జరగదని హామీ ఇవ్వలేను, జాగ్రత్త మాత్రం పడగలను" అన్నారు. ఆ మాటతోనే నమ్మకం కుదిరింది. తీసిన గడ్డలో క్యాన్సర్ లేదని తేలింది. మూడు వారాలు స్వరం నీరసించినా, క్రమంగా కోలుకుంది.

కషాయమైనా, కత్తి అయినా రోగ నిర్ధారణ తరువాతే. మెడలో గడ్డ కనిపిస్తే నెలల తరబడి వేచి ఉండకండి. ప్రశ్న అడగడం వైద్యుని అవమానించడం కాదు. మంచి వైద్యుడు దానిని స్వాగతిస్తాడు.